దించి చూస్తే గానీ చెప్పలేను

మా బావకి ఒకే ఒక్క జబ్బు ఉంది. ఏ వస్తువునైనా ఉన్నచోటి నుంచి కిందికి దించి చూస్తే గానీ దాని గురించి ఒక్క ముక్క చెప్పడు. గోడగడియారం ఐదు నిమిషాలు వెనకబడితే ముల్లు తిప్పి ఊరుకోవడం మీకూ నాకూ తెలిసిన పద్ధతి. మా బావ స్టూలు తెచ్చుకుంటాడు. గడియారం దించుతాడు. దాని వెనక గోడ చూస్తాడు, మేకు చూస్తాడు, మేకు దిగిన కన్నంలోకి టార్చి వేసి చూస్తాడు. పొద్దున దిగిన గడియారం సాయంత్రానికి మళ్ళీ గోడెక్కుతుంది. "ఏమైంది బావా?" అంటే, "ఏం లేదురా, దుమ్ము" అంటాడు.

ఈ జబ్బు ఏ గుమాస్తాకో ఉంటే వాళ్ళింటికే పరిమితమయ్యేది. మా బావ జనరేటర్ల మెకానిక్. అవి మామూలు జనరేటర్లు కూడా కావు. లోపల మంచాలు, పొయ్యి, స్నానాలగది అన్నీ పెట్టుకుని ఇల్లే చక్రాల మీద తిరిగే బండ్లుంటాయి చూడండి, మా షెడ్డులో వాటిని ఇల్లుబండి అంటాం. ఆ బండి పొట్టకింద ఇనప అరలో ఒక జనరేటర్ వేలాడుతుంటుంది. ఊరికి దూరంగా బండి ఆపుకున్నప్పుడు దీపాలు, ఫ్యాన్లు, ఏసీ అన్నీ దాని మీదే నడవాలి. దాని బరువు ఇంచుమించు నా అంత. నా బరువెంతో చెప్పను గానీ, దాన్ని దించడానికి జాకీ కావాలి.

దించడమంటే మాటలు కాదు. ముందు బ్యాటరీ తీగ విప్పాలి. పెట్రోలు గొట్టం ఊడదీసి మూతి బిగించాలి. సైలెన్సర్ గొట్టం విప్పాలి. కరెంటు తీగలన్నీ ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకుని విడదీయాలి. కింద జాకీబల్ల పెట్టి, నాలుగు బోల్టులు విప్పి, అంగుళం అంగుళం చొప్పున కిందికి తేవాలి. దించడానికి ఒక పూట, ఎక్కించడానికి ఇంకో పూట. ఆయిల్ మార్చడానికీ, ప్లగ్గు మార్చడానికీ, ఫిల్టరు దులపడానికీ ఇదంతా అక్కర్లేదు. బండి పక్కన చిన్న తలుపుంటుంది, అది తెరిస్తే చెయ్యి పడుతుంది. ఆ తలుపు పెట్టిందే అందుకు. మా బావ లెక్కలో మాత్రం ఆ తలుపు జనరేటర్ ఇంట్లో ఉందో లేదో తొంగిచూసి పలకరించడానికి.

నేను పన్నెండేళ్ళుగా ఆయన షెడ్డులోనే ఉన్నాను. మా అక్కని ఆయన కోరి చేసుకున్నాడు, నేను అడక్కుండా వచ్చాను.

అసలు ఆయన మా అక్కని చూడ్డానికి మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజే మాకు అర్థం కావలసింది. హాల్లో అందరం కూచున్నాం. పైన ఫ్యాను టక్కు టక్కుమంటోంది. మా నాన్న ఉద్యోగం సంగతి అడుగుతున్నాడు, ఈయన తల పైకెత్తి చూస్తున్నాడు. మా అక్కని చూడాల్సిన మనిషి ఫ్యాన్ని అంత ప్రేమగా చూస్తుంటే మా అమ్మకి అనుమానం వచ్చింది.

"నిచ్చెన ఉందాండీ?" అన్నాడు. మా ఇంట్లో ఆయన నోరు తెరిచి మాట్లాడిన మొదటి మాట అదే.

అరగంటలో ఫ్యాను నేల మీద ఉంది, మేం పదిమందిమీ చెమటలో ఉన్నాం. మా నాన్న విసనకర్రలాగా పేపరు ఊపుకుంటూ, "ఏమైంది బాబూ?" అని అడిగాడు. "ఏం లేదండీ, దుమ్ము." ఆయన వెళ్ళాక మా నాన్న చాలాసేపు ఆలోచించి, "ఇతను పిచ్చివాడన్నా అయ్యుండాలి, మంచివాడన్నా అయ్యుండాలి" అని తేల్చాడు. "రెండూ అయితే?" అని అడిగింది మా అక్క. దాంతో పెళ్ళి ఖాయమైపోయింది.

ఒకసారి ఆయనకి కడుపునొప్పి వస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టర్ పొట్టమీద నాలుగుచోట్ల నొక్కి, మందులు రాసిచ్చాడు. బయటికొచ్చాక మా బావ ఆ కాగితం తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఏంటి బావా, అర్థం కాలేదా?"

"అర్థమైంది. పైపైన చూసి ఎలా చెప్పాడా అని చూస్తున్నా."

"మరి పొట్ట కిందికి దించి చూడమంటావా?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. మందులు వేసుకున్నాడు, నొప్పి తగ్గింది. ఆ డాక్టర్ మీద మాత్రం నమ్మకం కుదరలేదు.

షెడ్డులో పొడుగాటి ఇంజనీరు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. జనరేటర్ స్టార్ట్ కావడంలేదని బండి తెచ్చాడాయన. ఇల్లుబండిలో ఒక కిటుకుంది. పెట్రోలు ట్యాంకు పావువంతు కంటే కిందికి వస్తే జనరేటర్‌కి పెట్రోలు అందదు. ఉన్నదంతా జనరేటరే తాగేస్తే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుందని అలా చేస్తారు. నేను లోపల ముల్లు చూశాను. పావు కంటే కిందుంది. "బావా, ట్యాంకు ఖాళీ" అన్నాను. "చూశాను" అన్నాడు. అని, జాకీబల్ల తోసుకుంటూ బండికింద దూరాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ ఇంజనీరు మా షెడ్డులో నీలం కుర్చీలో కూచున్నాడు. అప్పుడు నేను పెట్రోలు పోయించాను, జనరేటర్ ఒక్క మీటకి అందుకుంది.

"అయితే లోపం పెట్రోలు లేకపోవడమేనా?" అన్నాడు ఇంజనీరు, కుర్చీలోంచి లేస్తూ.

"అవునండీ" అన్నాడు మా బావ.

"ఆ సంగతి నిన్ననే మీకు తెలుసా?"

"తెలుసండీ."

"మరి ఎందుకు దించారు?"

"దించి చూస్తే గానీ చెప్పలేం కదండీ."

"దించి చూస్తే ఏముంది?"

"దుమ్ము."

ఆ ఇంజనీరు వెళుతూ వెళుతూ మా బావకి దించుడు మేస్త్రి అని పేరు పెట్టి వెళ్ళాడు. ఆ పేరు ఊరంతా పాకింది. పక్క షెడ్డువాళ్ళు, "మా దగ్గర దించరు" అని బోర్డు కూడా రాయించుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

"బావా, జనం మనల్ని చూసి నవ్వుతున్నారు."

"నవ్వనీరా. నవ్వుకుంటూనే పోతున్నారు కదా."

ఇంట్లో మా అక్క గోడు వేరే. గోడకున్న అలమార, వంటింటి కుళాయి, స్నానాలగదిలో అద్దం, ఏడాదికోసారైనా అన్నీ దిగాల్సిందే. "నేను తుమ్మితే నన్నెక్కడ దించి చూస్తారోనని ముక్కు మూసుకుని తిరుగుతున్నానురా" అనేది. అయినా ఆయన స్టూలెక్కితే కింద స్టూలు పట్టుకునేది తనే.

ఇక అసలు కథ. ఆ రోజు మా బావ షెడ్డులో లేడు. వాళ్ళ పెద్దక్క ఇంటి మీద నీళ్ళట్యాంకు కారుతోందని కబురొస్తే వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాకా షెడ్డుకి నేనే రాజుని.

పొద్దున తొమ్మిదింటికి ఒక తెల్లటి ఇల్లుబండి వచ్చి ఆగింది. స్టీరింగు దగ్గర్నించి ఒకావిడ దిగింది. కళ్ళజోళ్ళు చేసే ఆవిడ. ఊరూరూ తిరిగి పగలు జనానికి కళ్ళు పరీక్ష చేస్తుంది, సాయంత్రం బండిలోనే మిషన్ మీద అద్దాలు కోసి, మర్నాడు పొద్దున జోళ్ళు చేతికిస్తుంది. భర్తకి ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీదే. ఆవిడా, ఆవిడ అత్తగారూ ఆ బండిలోనే కాపురం. ఈ సంగతులన్నీ నేను అడగలేదు. వెనక కిటికీలోంచి అత్తగారే చెప్పింది.

"జనరేటర్ గంట నడిచి ఆగిపోతోందండీ" అంది కళ్ళజోళ్ళావిడ. "సాయంత్రం నాలుగింటికల్లా పక్క ఊళ్ళో మైదానం దగ్గరుండాలి. రేపు పొద్దున్నే నలభై జోళ్ళు ఇవ్వాలి. ఎంతసేపు పడుతుంది?"

"ముందు నా తలనొప్పికి ఏమన్నా ఉందేమో అడుగు" అంది కిటికీ.

"అత్తయ్యా, ఇది మెకానిక్ షెడ్డు."

"ముగ్గురు డాక్టర్లయ్యారు. ఇంక మిగిలింది వీళ్ళేగా."

కళ్ళజోళ్ళావిడ గొంతు తగ్గించి నాతో చెప్పుకుంది. "పొద్దున్న లేస్తూనే తలనొప్పంటారు. కడుపులో తిప్పుతోందంటారు. బయట కుర్చీ వేసుకుని గంటసేపు నన్ను తిడితే తగ్గిపోతుంది. డాక్టర్లు ఏమీ లేదన్నారు. ఏముంటుంది? నా మొహమే ఆవిడకి తలనొప్పి. ఈ వారం తిరుగుడు అయ్యాక మా ఆడపడుచు ఇంట్లో వదిలేస్తున్నాను. ఆవిడకీ సుఖం, నాకూ సుఖం."

ఆ మాట కిటికీకి వినపడింది. "సరేనన్నానుగా. కూతురింట్లో నాకో గదుంది. దానికో కిటికీ కూడా ఉంది. తెరిస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది" అంది. ఈసారి గొంతులో మునుపటి కారం లేదు. కళ్ళజోళ్ళావిడ జేబులోంచి గుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచింది. ఇద్దరిలో ఎవరికీ ఆ ఏర్పాటు ఇష్టం లేదని నాలాంటి మొద్దుకి కూడా తెలిసిపోయింది.

"పోనీ ఆవిడ చూపు పరీక్ష చెయ్యకపోయారా? తలనొప్పి కళ్ళ వల్లేమో" అన్నాను.

"ఒప్పుకుంటేగా!"

"నా కళ్ళకేం వచ్చింది? నువ్వు చేసే తప్పులన్నీ శుభ్రంగా కనపడుతున్నాయి" అంది కిటికీ.

నాకు హుషారొచ్చింది. పన్నెండేళ్ళ కల. పక్క తలుపు తెరిచాను. ఆయిల్ అడుక్కంటి ఉంది, తారులాగా ఉంది. పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయి ఉంది. ఆగిపోక ఏం చేస్తుంది? ఆయిల్ మార్చాను, ఫిల్టర్లు మార్చాను, ప్లగ్గు మార్చాను. గంటన్నరలో జనరేటర్ తేనెటీగల్లే పాడింది. పక్క షెడ్డువాళ్ళు బయటికొచ్చి మరీ చూశారు. దించుడు మేస్త్రి షెడ్డులో ఇల్లుబండి వచ్చిన పూటే వెళ్ళడం లోకం పుట్టాక అదే మొదలు.

కళ్ళజోళ్ళావిడ మొహం వెలిగిపోయింది. "ఇంక ఆగదుగా?"

"రాత్రంతా నడిచినా ఆగదు."

"అయితే ఈ నాలుగు రోజులూ ఆవిడకి రాత్రంతా ఏసీ వేసి పడుకోబెడతాను. ఉక్కపోస్తోందని పాపం అల్లాడిపోతున్నారు. వెళ్ళేముందైనా కాస్త సుఖంగా నిద్రపోనీ" అని బండెక్కింది. నేను చెయ్యూపి, ఆ నీలం కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూచున్నాను.

మధ్యాహ్నం రెండింటికి మా బావ వచ్చాడు. మోచేతుల దాకా నీళ్ళట్యాంకు పాచి. నేను గొప్పగా చెప్పడం మొదలుపెట్టాను. అత్తగారి గొంతు, కోడలి గొంతు, అన్నీ వేషం కట్టి మరీ చెప్పాను. తలనొప్పి దగ్గరికి వచ్చేసరికి నన్ను ఆపాడు.

"దించావా?"

"లేదు బావా, అదే కదా చెబుతున్నా..."

"పొద్దున పూటే నొప్పా?"

"ఊఁ. లేస్తూనే."

"బయట కూచుంటే తగ్గుతుందా?"

"కోడల్ని తిడితే తగ్గుతుంది" అని నవ్వాను.

"ఆవిడ పడుకునేది ఎక్కడ?"

"వెనక మంచం మీద. జనరేటర్ సరిగ్గా కిందే. మరి అంత చప్పుడైతే ఎవరికైనా తలనొప్పి..."

మా బావ నవ్వలేదు. "ఫోన్ చెయ్" అన్నాడు. ఫోన్ నంబరు ఉంది. కానీ అది కిటికీలోంచి అత్తగారు రాయించిన తన నంబరు. చార్జింగు దండగని ఆవిడ ఎప్పుడూ ఫోను ఆపే ఉంచుతుంది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ మోగలేదు. మా బావ అప్పటికే చిన్న జాకీబల్ల, రెండు చెక్కదిమ్మెలు, పానాల పెట్టె వ్యానులోకి విసురుతున్నాడు.

ఆయన వ్యాను నడిపితే సైకిళ్ళు దాటిపోతాయి. ఆ రోజు లారీలని దాటేశాడు. నేను పక్కన బిగుసుకుపోయి కూచున్నాను. ఒక్క జనరేటర్, ఒకే ఒక్క జనరేటర్ దిగకుండా మన చెయ్యి దాటిపోయిందని ఈ మనిషి ప్రాణం ఇంతగా కొట్టుకోవాలా అని నా బాధ. జబ్బు ముదిరింది, అక్కకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"బావా, వచ్చే నెల తీరిగ్గా దించుదువుగాని. నేనే పిలిపిస్తాను."

"దారి చూడు" అన్నాడు.

మేం వెళ్ళేసరికి నాలుగున్నర అయింది. మైదానంలో తెల్లబండి నిలబడి ఉంది. బయట గొడుగుకింద కళ్ళజోళ్ళావిడ, ఆవిడ ముందు పదిపన్నెండు మంది వరస. జనరేటర్ గుయ్యిమని ఆడుతోంది. నేను బాగుచేసిన జనరేటర్, ఎంత బాగా ఆడుతోందో! వెనక కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. అత్తగారు ఏసీ వేసుకుని కునుకు తీస్తోందట.

మా బావ ఎవరితోనూ మాట్లాడలేదు. సరాసరి వెళ్ళి జనరేటర్ మీట నొక్కి ఆపేశాడు. మెట్లెక్కి లోపలికి పోయాడు. టపటపా కిటికీలు తెరిచిన చప్పుడు, వెంటనే అత్తగారి గొంతు.

"ఎవరయ్యా నువ్వు? పడుకున్నదాన్ని లేపుతావేం?"

"జనరేటర్ మెకానిక్‌నమ్మా. దించాలి."

"దించుకో. అది కిందుంది, నేను పైనున్నా."

"మీరు పైనుంటే అది దిగదమ్మా."

ఆవిడ గొణుక్కుంటూ చీర సర్దుకుని లేచింది. అలాంటి మాటలు మా బావ దగ్గర చాలా ఉన్నాయి. ఆయన చెయ్యి పట్టుకుని ఆవిడ మెట్లు దిగింది. అడుగు కాస్త తూలింది. గాలి వీచేవైపు కుర్చీ వేసి కూచోబెట్టి, పక్కనే చతికిలబడ్డాడు.

"తలనొప్పి ఉందామ్మా?"

"ఇప్పుడే మొదలైంది. కోడలు ఎదురుగా లేకుండానే మొదలైంది. అదే ఆశ్చర్యంగా ఉంది."

కాసేపు ఆవిడ మొహమే చూస్తూ, అడ్డదిడ్డంగా ప్రశ్నలేస్తూ కూచున్నాడు. ఆవిడ అన్నిటికీ గట్టిగా, కారంగా జవాబులు చెప్పాక గానీ లేవలేదు.

ఈలోపు కళ్ళజోళ్ళావిడ పరిగెత్తుకొచ్చింది. "ఇదేంటండీ? పొద్దునేగా బాగుచేశారు! నలభై జోళ్ళు కొయ్యాలి నేను!"

"బాగుచేసింది మా బామ్మర్దమ్మా. వాడు చేశాడంటే ఇంకోసారి చెయ్యాలి."

అంతమంది ముందు నా పరువు అలా తీశాడు. వరసలో నిలబడ్డవాళ్ళంతా నావైపు తిరిగారు. చాలామందికి చూపు ఆనదు కాబట్టి కొందరు పక్కనున్న దీపస్తంభం వైపు జాలిగా చూశారు, అదే నాకు ఊరట. మా బావ మైదానం పక్క సైకిలు షాపులో బతిమాలి, అక్కణ్ణించి కరెంటు తీగ లాగి ఆవిడ మిషన్ నడిచేలా ఏర్పాటు చేశాడు. ఆవిడ కోపం సగం దిగింది.

సైలెన్సర్ గొట్టం చల్లారేదాకా అరగంట ఆగి పని మొదలుపెట్టాం. వరసలో ఉన్నవాళ్ళు సాయానికొచ్చారు. కళ్ళు కనపడక కళ్ళజోళ్ళ కోసం వచ్చిన పదిమంది చుట్టూ చేరి, "కుడికి, కుడికి!" "కాదు, ఎడమకి!" "ఆనింది!" "ఏది ఆనింది?" అని కేకలేస్తుంటే, నాలుగు బోల్టులూ ఊడి, నా అంత బరువున్న ఆ ఇనప ముద్ద మైదానం మట్టి మీదికి దిగింది. ఒక పెద్దాయన తను పట్టుకున్నది జాకీ అనుకుని చివరిదాకా నా కాలు పట్టుకున్నాడు.

నేను టార్చి పట్టుకుని ఖాళీ అయిన అరలోకి తల పెట్టాను.

సైలెన్సర్ గొట్టం జనరేటర్‌ని కలిసే చోట, వెనకవైపు, సందులోంచి పొగ రాకుండా వేసే గాస్కెట్ కాలిపోయి సగం ఊడిపోయింది. అక్కణ్ణించి నల్లటి మసి చారలాగా పైకి పాకింది. ఆ చార ఎక్కడికి పోతోందా అని టార్చి తిప్పాను. అర పైకప్పులో, తీగలు బండిలోకి వెళ్ళేచోట రబ్బరు బిరడా ఉండాలి. ఎలుకలు కొరికేశాయి. అరచెయ్యంత కన్నం. చుట్టూ మసి. కన్నంలోంచి చూస్తే పైన మంచంచెక్క కనపడింది. అత్తగారి మంచం. తలగడ వైపు.

ఇదంతా పక్క తలుపులోంచి చూస్తే ఏడు జన్మలెత్తినా కనపడదు. జనరేటర్ అడ్డం. దించితేనే కనపడుతుంది.

ఇంజను పొగ విషమని మా షెడ్డులో ఎవరికైనా తెలుసు, అది తిన్నగా ఆవిడ తలగడ కిందికే పోతోంది. ఇన్నాళ్ళూ గంటకోసారి ఆగిపోయి ఆ జనరేటరే ఆవిడని కాపాడింది. రాత్రంతా ఆగకుండా ఆడేలా చేసినవాణ్ణి నేను. "బావా, ఇది..." అని కేకపెట్టబోయాను. ఆయన బూటు నా పాదం మీద పడింది. గట్టిగానే పడింది.

"ఏముందండీ?" అంది కళ్ళజోళ్ళావిడ వంగి చూస్తూ.

"దుమ్మమ్మా" అన్నాడు మా బావ.

కొత్త గాస్కెట్ వేశాడు, గొట్టం ముక్క మార్చాడు, కన్నానికి రేకు బిగించి వేడికి కరగని లప్పం పెట్టాడు. అన్నీ పెట్టెలోంచే తీశాడు. ఆయన ఎక్కడికి పోయినా అవన్నీ వెంట తీసుకెళ్తాడని నాకు అప్పుడే తెలిసింది. పదిమంది చేతులు పడేసరికి రెండు పూటల పని ఒక్క పూటలో అయి, రాత్రి తొమ్మిదింటికి జనరేటర్ మళ్ళీ అరలోకెక్కింది. చివరికి మంచం పక్క గోడకి ఒక చిన్న తెల్ల డబ్బా తగిలించాడు.

"ఇదేంటి నాయనా?" అంది అత్తగారు.

"పొగలాంటిదేమన్నా చేరితే అరుస్తుందమ్మా. అరిస్తే ఇంకేం ఆలోచించకుండా ఇద్దరూ బయటికొచ్చెయ్యాలి. ప్రతి బండికీ పెడతాం."

"ఈ ఇంట్లో అరవడానికి నేనుండగా ఇదొకటా?"

"మీకు సాయంగానమ్మా. లప్పం ఆరాలి, ఈ రాత్రికి జనరేటర్ వెయ్యకండి, కిటికీలు తెరుచుకుని పడుకోండి. రేపు పొద్దున తల ఎలా ఉందో నాకు ఫోన్ చెయ్యండి. ఇంక ఆ ఫోను ఆపకండి."

తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ సైకిళ్ళు మమ్మల్ని దాటిపోవడం మొదలుపెట్టాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"ఎందుకు చెప్పలేదు బావా? ఆవిడ ప్రాణం పోయేది! చెబితే నీ కాళ్ళకి దణ్ణం పెట్టేవాళ్ళు!"

మా బావ పెళ్ళిలో కూడా ఇంత మాట్లాడలేదు. "ఏమని చెప్పనురా? రోజూ మీ అత్తని పొగ మీద పడుకోబెట్టావమ్మా అని చెప్పనా? ఆ పిల్ల ఇంక జన్మలో ఆ బండిలో కన్ను మూస్తుందా? ఆ పెద్దావిడ మాత్రం ఊరుకుంటుందా? నన్ను పొగబెట్టి పంపించెయ్యాలని చూశావని రోజుకి నాలుగుసార్లు దెప్పుతుంది. చెడింది బాగయింది. డబ్బా పెట్టాను, ఇకముందు అదే చెబుతుంది. బాగైపోయినదాని గురించి వాళ్ళకి భయం ఎందుకివ్వాలి? అది వాళ్ళిల్లురా. ఇంట్లో పడుకోడానికి భయపడితే ఇంకెక్కడ పడుకుంటారు?"

ఇంకో రెండు సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. తర్వాత అడిగాను. "ఆ ఇంజనీరు బండి?"

"పెట్రోలు గొట్టం చిట్లింది. కింద వేడి గొట్టం మీద చుక్కలు పడుతున్నాయి."

"మా ఇంట్లో ఫ్యాను?"

"కొక్కెం అరిగిపోయి దారంలా ఉంది. మీ నాన్న దానికిందే మంచం వేసుకునేవాడు."

"మరి గోడగడియారం?"

"అది నిజంగా దుమ్మే."

"పన్నెండేళ్ళు నాక్కూడా చెప్పలేదేం బావా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందిట్రా?" అన్నాడు. ఆ మాట నిజమేనని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

మూడు నెలలకి తెల్లబండి మళ్ళీ మా షెడ్డుకొచ్చింది. చేతిలో పానా పక్కన పడేసి లేచాను. వెనక కిటికీ వైపు చూశాను. కిటికీ మూసి ఉంది. అయ్యో, కూతురింట్లో దింపేసింది కాబోలు అనుకుంటుండగా, ముందు సీట్లోంచి, డ్రైవరు పక్కనించి, అత్తగారు దిగింది. మొహం మీద గుండ్రటి కొత్త కళ్ళజోడు.

"వెళ్ళలేదా అమ్మా, మీ అమ్మాయింటికి?" అన్నాను.

"ఎలా వెళతాను? మా కోడలు ఒంటరిగా ఎలా తిరుగుతుంది? ఆ గదిలో మా అమ్మాయి కుట్టుమిషన్ పెట్టేసుకుంది, నేనే పెట్టుకోమన్నా."

"తలనొప్పి?"

"మాయం!" అంది ఆవిడ, షెడ్డంతా వినపడేలా. "ఆ రోజు మీరు ఆ మైదానంలో ఊరికే ఇనుము దించుకుంటూ కూచున్నారా, వరసలో వాళ్ళంతా మీ దగ్గరికొచ్చేశారు, మా కోడలికి చూడ్డానికి ఎవరి కళ్ళూ మిగల్లేదు. నన్ను కూచోబెట్టి నా కళ్ళు చూసింది. జోడు చేసి పెట్టింది. మర్నాటి నుంచీ తలనొప్పి లేదు! ముగ్గురు డాక్టర్లకి తెలియనిది మా కోడలికి తెలిసింది."

కళ్ళజోళ్ళావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నాళ్ళు ఆవిడది నటన అనుకున్నానండీ. చూపు అంత తేడాగా ఉన్నప్పుడు నొప్పి రాదా మరి? ఇంట్లో మనిషిని వదిలేసి ఊళ్ళో వాళ్ళందరి కళ్ళూ చూశాను. ఆవిడ ఒక్కమాట కూడా అనలేదు."

"ఏమంటాను? చూపించుకోనన్నది నేనేగా" అంది అత్తగారు. ఆవిడ ఒకరి మీద పడాల్సిన తప్పు తన మీద వేసుకోవడం ఆ బండి పుట్టాక మొదటిసారి అయ్యుంటుంది. ఆ తర్వాత మా బావ వైపు తిరిగింది. "చూడు నాయనా, పనిమంతులంటే ఇలా ఉండాలి. కూచోబెట్టి, చూసి, చెప్పేసింది. నువ్వేమో అంత బరువు కిందికీ పైకీ మోసి నానా తిప్పలూ పడ్డావు."

"అవునమ్మా. మీ కోడలి చేతిలో ఏదో ఉంది" అన్నాడు మా బావ, తల వంచుకుని.

నా నోట్లో నువ్వుగింజ నానుతోంది. నానబెట్టడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. నాలుక మీద పళ్ళు పెట్టి నొక్కుకున్నాను.

అత్తగారు వెళ్ళబోతూ ఆగింది. కళ్ళజోడు ముక్కు మీద సర్దుకుని, ఒకడుగు ముందుకేసి, మా బావ మొహంలోకి తేరిపార చూసింది.

"ఆ రోజు జోడు లేదు, నువ్వెలా ఉంటావో కనపడలేదు. ఎవరో పిచ్చివాడు నన్ను మంచం మీంచి లాగేశాడని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతున్నా. ఇప్పుడు సరిగ్గా చూస్తుంటే ఇది పిచ్చివాడి మొహం కాదే!"

మా బావ చెవుల దాకా ఎర్రబడిపోయాడు. ఏం చెయ్యాలో తోచక, ఉన్నపళంగా బండికింద దూరాడు. ఆవిడ ఒక్క నిమిషంలో కనిపెట్టినదాన్ని కనిపెట్టడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. నవ్వు ఆపుకుంటూ జాకీబల్ల తోసుకెళ్ళి, ఆయన పక్కన నేనూ దూరాను.